ఏరు దాటిన కయ్య

మేడ మీద ఇంకో గది వేయించుకుందామని పోయిన నెల పని మొదలుపెట్టాము. మదనపల్లెలో ఈ మధ్య ఎవరిని చూసినా మేడ మీద మేడ లేపుతున్నారు, మేమెందుకు ఊరుకోవాలని. ట్రాక్టరు వచ్చి ఇంటి ముందర ఇసుక గుమ్మరించి పోయింది. నేను చెప్పులు విడిచి అందులో కాలు పెట్టాను. చిన్నప్పటి అలవాటు, ఇసుక కనబడితే ఊరుకోలేను. పెట్టిన కాలు పెట్టినట్టే వెనక్కి తీసుకున్నాను. చురుక్కుమని గుచ్చుకుంది.

"ఇదేం ఇసకప్పా, ముళ్ళ మాదిరి ఉండాది?" అన్నాను మేస్త్రీతో.

ఆయనది కుప్పం వైపు. నవ్వాడు. "ఏటి ఇసక ఇప్పుడు యాడుండాదమ్మా? ఇది మిషన్లో రాయి కొట్టి చేసింది, ఎం శాండు. మా పక్క పాలార్లో కూడా గుంతలే మిగిలినాయి. గోడకి ఇది బాగుంటాది, నువ్వేం బెంగపడొద్దు."

"గోడకి బాగుంటే సరేలే, నా కాలికి బాగలేదు" అని లోపలికి వచ్చేశాను.

వచ్చానే గానీ మనసు అక్కడే ఉండిపోయింది. ఏటి ఇసుక గుచ్చుకోదు. ఎక్కడో కొండ మీద విరిగిన రాయి వంకలో పడి, వంక నుంచి ఏట్లో పడి, దొర్లి దొర్లి, ఒకదానికొకటి రాసుకుని, కొనలన్నీ అరిగిపోయాక గానీ మా ఊరి దాకా వచ్చేది కాదు. దానికి ఎన్ని తరాలు పట్టిందో ఎవరు చెప్పగలరు? అట్లాంటి దాన్ని మేము కాళ్ళతో తన్ని, గూళ్ళు కట్టి, నోట్లో పడితే తుపుక్కున ఉమ్మేసి ఆడుకున్నాము. అయ్యో, ఏం పిల్లకాయలమో!

మా ఊరు పుంగనూరు నుంచి రామసముద్రం వెళ్ళే దారిలో ఎడమకు తిరిగి బాగా లోపలికి పోతే వస్తుంది. ఊరికి ఏరుందంటే పొంగిపోకండి. ఏడాదిలో ముక్కాలు వంతు దాంట్లో ఇసుక తప్ప ఏమీ ఉండదు. కొత్తగా వచ్చిన చుట్టాలు ఏటి నడుమ నిలబడి "మీ ఏరు యాడుండాది?" అని అడిగేవారు. మాకు మాత్రం అది ఏరే. మోచేయి లోతు తవ్వితే చెలమలో నీళ్ళూరేవి. మొదట మురికిగా వచ్చేవి, నాలుగు దోసిళ్ళు తోడి పారబోస్తే తేటపడేవి. బొప్పాయి ఆకు గొట్టం పెట్టి పీల్చుకుంటే ఎంత చల్లగా ఉండేవో! పక్క పిల్ల తోడుకున్న చెలమలో కాలు పెట్టి కలిపేసి పారిపోవడం నా పని. అమ్మ ఇచ్చి పంపిన రాగి సంగటి, ఊరిబిండి పచ్చడి ఏట్లో కూర్చుని తింటుంటే పంటి కింద ఇసుక కరకరలాడేది. ఇసుక పడని సంగటి నాకు ఇప్పటికీ చప్పగానే ఉంటుంది.

మా ఊరి దగ్గర ఏరు కొడవలిలా వంగుతుంది. వంపుకు బయటి పక్క మా గట్టు. లోపలి పక్క అవతలి ఊరి గట్టు. నీళ్ళు వచ్చినప్పుడల్లా విసురుగా వచ్చి మా గట్టుకు కొట్టుకునేవి. అందుకని మా పక్క ఎప్పుడూ కోతే. అవతలి పక్క నీళ్ళు నిదానించి, కోసుకొచ్చిన మన్ను అక్కడ దింపేవి. అందుకని వాళ్ళకు ఎప్పుడూ మేటే. వాళ్ళు మమ్మల్ని "కోతోళ్ళు" అని ఎక్కిరిస్తే, మేము వాళ్ళను "మేటోళ్ళు" అని ఎక్కిరించేవాళ్ళం. సంతలో కూరగాయల బేరం తెగకపోయినా ఈ మాటే వచ్చేది. "మా మన్ను తిని బలిసినారు, వంకాయలు కూడా అగ్గవకి ఇయ్యరే" అని మా అమ్మ వాళ్ళ మొగం మీదనే అనేసేది.

మా అత్తను, అంటే నాయన చెల్లెలిని, ఆ మేటోళ్ళకే ఇచ్చారు. పెండ్లి పందిట్లో తాత నవ్వుతూ "పిల్లని ఆ గట్టున ఇస్తే మన మన్ను మనకే దక్కుతాదిలే" అన్నాడట. అదే ఊపులో ఇంకో మాట కూడా అన్నాడు. పసుపుకుంకుమ కింద కూతురికి ఏటి కయ్య రాసిస్తానన్నాడు. ఏటి కయ్య అంటే గట్టును ఆనుకుని ఉన్న మా మడి. మిగతా చేలన్నీ గులకరాళ్ళు, నాగలి దింపితే నిప్పులు రాలేవి. ఆ కయ్య ఒక్కటే మెత్తని ఒండ్రు నేల. రాసిచ్చేలోపలే తాత పోయాడు. నాయన ఇవ్వలేదు. ఆయన్ను తప్పుపట్టడం సులువే గానీ, ఆ కయ్య పోతే ఇంట్లో సంగటికి రాగులు కొనుక్కోవాల్సిందే.

అత్త ఒకసారి వచ్చి అడిగింది. మాటా మాటా పెరిగింది. నాయన గట్టు మీద నిలబడి "పిడికెడు మన్ను కూడా ఆ గట్టుకి రానీను, పో" అన్నాడు. అత్త చెంగు నోట్లో కుక్కుకుని ఏట్లోకి దిగిపోయింది. ఆ తర్వాత మా గడప తొక్కలేదు.

మిగిలిన వాళ్ళకు ఇది కయ్య తగాదా. నాకు మాత్రం అత్త పోయింది. నా తలలో పేలు చూసింది అత్త, నాకు ఈత నేర్పింది అత్త, అమ్మ కొడితే పరుగెత్తుకుపోయి దాక్కునేది అత్త ఒళ్ళో. నాయనా అత్తా మాట్లాడుకుంటేనే నాకు అత్త ఉన్నట్టు. నాయన మమ్మల్ని ఏరు దాటొద్దన్నాడు. నేను దాటేదాన్ని. మా అవ్వ, నాయన అమ్మ, నాకు తోడు దొంగ. రెల్లు పుల్లలు కోసుకొస్తానని చెప్పి నన్ను వెంటబెట్టుకుని ఏట్లోకి దిగేది, కూతురి ఇంటికి పోయి ఉడకబెట్టిన చెనిక్కాయలు తిని వచ్చేది. పావడాకు అంటిన ఇసుక దులుపుకోకపోతే ఇంట్లో పట్టుబడేవాళ్ళం. ఒకసారి నాయన నా పావడా కుచ్చిళ్ళు చూసి, "రెల్లు మన గట్టున ఉంటే నీకు ఆ గట్టు ఇసక ఎట్లంటిందే?" అన్నాడు. అవ్వ అటు తిరిగి వక్కాకు నమలసాగింది.

ఆ ఏడాది వానలు ముందే పట్టుకున్నాయి. నాయన ఏటి కయ్యలో చెనిక్కాయలు వేశాడు. గట్టు అంచున రెల్లు పొదలు, రెండు కానుగ చెట్లు అడ్డంగా ఉన్నాయని వాటిని కొట్టేసి, అక్కడ కూడా సాళ్ళు పెట్టాడు. ఉన్న కాస్త కయ్యలో అంగుళం వదలకూడదని ఆయన పంతం. అవ్వ లబోదిబోమంది.

"రెల్లు కొట్టేస్తివి, ఇంక చీపుర్లు యాడ కట్టేదిరా నేను? ఇల్లు నీ మీసంతో ఊడ్సాల్నా?"

అవ్వకు చీపురు బాధ. మేమంతా నవ్వాము. రెల్లు, కానుగ వేళ్ళు పట్టుకున్నంత కాలమే ఆ గట్టు గట్టుగా ఉంటుందని మా ఇంట్లో ఎవరికీ తట్టలేదు.

చెనిక్కాయలు ముదిరి, ఇంకో వారంలో పీకుదామనుకుంటుండగా తుపాను పట్టింది. విడవకుండా కురిసింది. ఎగువన ఏదో చెరువు తెగిందన్నారు. మధ్యాహ్నం అన్నాల వేళ "ఏరొచ్చింది! ఏరొచ్చింది!" అని ఊరంతా కేక. తింటున్న చేతులతోనే పరుగెత్తాము.

అట్లాంటి ఏరును నేను మళ్ళీ చూడలేదు. ముందర నురుగు, ఆ నురుగు మీద ఎండు పుల్లలు, తాటాకులు, ఎవరిదో గడ్డివాము, దాని మీద బిక్కచచ్చిన కోడి. వెనకాల ఎర్రటి నీళ్ళు, గట్టు నుంచి గట్టుకు. వాసన చెప్పనా? కొత్త మన్ను, కుళ్ళిన ఆకు, చేపలు, పేడ, అన్నీ కలిసిన వాసన. ఊపిరి తీసుకుంటే గొంతులో మన్ను తగిలేది. అన్నిటికంటే నన్ను భయపెట్టింది చప్పుడు. నీళ్ళ చప్పుడు కాదు, నీళ్ళ అడుగున చప్పుడు. గడగడ, గడగడ. పైకి ఏమీ కనబడదు.

"ఏంది అవ్వా అది?" అని అడిగాను.

"రాళ్ళే. కొండ మీద రాళ్ళు నడిసి పోతాండాయి" అంది అవ్వ, రెండు చేతులూ జోడించి.

అరికాళ్ళలో నేల అదిరింది. మేము రోజూ గుడ్డలుతికే బండ, నలుగురు మగవాళ్ళు కదిలించలేని బండ, తర్వాత చూస్తే ఉన్న చోట లేదు. చేతులు లేనిది, కాళ్ళు లేనిది, నిన్నటి దాకా నా పాదం కూడా తడపలేనిది, ఇంత బరువు ఎట్లా మోస్తోంది?  నేను కూడా చేతులు జోడించాను.

నాయన మాత్రం చేతులు జోడించలేదు. కయ్య అంచున, రెల్లు కొట్టేసిన చోట నిలబడి ఉన్నాడు. ఆయన ఎదుట గట్టు పెచ్చులు పెచ్చులుగా విరిగి పడుతోంది. చెనిక్కాయ సాళ్ళు ఆకులతో సహా వంగి నీళ్ళలోకి జారుతున్నాయి. ధబ్బుమని ఒక సాలు. కొంచెం ఆగి ఇంకో సాలు. పడిన ప్రతి సాలుకూ ఆయన "అయ్యయ్యో" అని గుండె మీద కొట్టుకున్నాడు. అందిన చెనిక్కాయ చెట్లను పీకి వెనక్కి విసురుతున్నాడు. అవ్వ, నేను, అమ్మ దూరంగా చింతచెట్టు కింద నిలబడి రమ్మని అరుస్తున్నాం. వినలేదు.

అప్పుడు అవతలి గట్టు మీద అత్త కనిపించింది. తడిసిన చీర, జుట్టంతా విరబోసుకుని ఉంది. చేతులు రెండూ పైకెత్తి ఊపుతోంది. నోరు తెరిచి ఏదో అరుస్తోంది. ఆ హోరులో ఒక్క ముక్క వినబడలేదు. నాయన తలెత్తి చూశాడు. అత్త వంగింది. దోసిళ్ళతో మన్ను ఎత్తింది. మా వైపుకు, ఏటి వైపుకు పోసింది. మళ్ళీ ఎత్తింది, మళ్ళీ పోసింది. మళ్ళీ మళ్ళీ.

మా వైపు ఊళ్ళలో ఆడబిడ్డ జుట్టు విరబోసుకుని పుట్టింటి వైపు మన్నెత్తి పోసిందంటే దానికి ఒక్కటే అర్థం. ఆ ఇల్లు నాశనమైపోవాలని. చిన్నపిల్లనైన నాకు కూడా తెలుసు ఆ సంగతి.

నాయన మొహం నల్లబడిపోయింది. "సూడండి, సూడండి! నా కయ్య పోతాంటే మన్నెత్తి పోస్తాండాది! తోడబుట్టిందంట, తోడబుట్టింది! థూ!" అని ఉమ్మేసి, అత్త మొహం చూడలేనట్టు వెనక్కి తిరిగి విసవిసా మా దగ్గరికి వచ్చేశాడు.

ఆయన చింతచెట్టు దాకా వచ్చాడో లేదో, వెనకాల నేల గుండెలు జారేటట్టు శబ్దం చేసింది. తిరిగి చూస్తే నాయన నిలబడిన తావు లేదు. కయ్యలో సగం లేదు. అక్కడ ఎర్రటి నీళ్ళు సుడి తిరుగుతున్నాయి.

"సూసినారా, దాని శాపం" అని నాయన కూలబడ్డాడు.

అత్త శాపం పెట్టిందన్న మాట పొద్దు గూకేలోపల ఊరంతా పాకింది. "నా కడుపున పుట్టింది అట్ల చేయదు" అని అవ్వ వాదించబోయి ఊరుకుంది. అవ్వ కూడా చూసింది కదా! ఆ తర్వాత అవ్వ సరిగ్గా తినేది కాదు. నేను అత్తను తలుచుకుంటే ఏడుపు, కోపం రెండూ వచ్చేవి. నా తల దువ్విన చేతులే కదా ఆ మన్ను ఎత్తి పోసింది!

ఏరు తగ్గింది. కొన్నాళ్ళకు గొర్రెలు తోలుకొచ్చిన మనిషి ఒకాయన నాయనతో, "ఏమప్పా, నీ సెనిక్కాయలు ఆ గట్టున మొలిసినాయి కదా, సూసినావా?" అన్నాడు. నాయన నమ్మలేదు. ఆయన ఒట్టేసి చెప్పాడు. కొట్టుకుపోయిన కాయలు అవతల మేటలో చిక్కుకుని మొలకెత్తాయట. అత్త వాళ్ళ చేని ముందర, మునుపు ఏరు పారిన చోట, ఇప్పుడు కొత్త నేల పడిందట.

నాయన గడ్డపార భుజాన వేసుకుని లేచాడు. "నా మన్ను, నా విత్తనం. ఎవరు ఆపుతారో సూస్తా" అంటూ ఏట్లోకి దిగాడు. కొట్టుకుంటారేమోనని నాకు భయం. వద్దన్నా వినకుండా వెనకాలే పరుగెత్తాను.

ఏరంతా కొత్తగా ఉంది. నాకు తెలిసిన చెలమ లేదు, దిబ్బ లేదు. మా గట్టు కింద లోతు మడుగు, పక్కన గుండ్రాళ్ళు. ఇంకొంచెం పోతే గులక. ఆ తర్వాత ముతక ఇసుక, ఆ తర్వాత సన్న ఇసుక. అవతలి గట్టు చేరేసరికి కాలు చీలమండ దాకా దిగిపోయేంత మెత్తటి ఒండ్రు. అవ్వ చాటలో చెరిగినట్టు, ఎవరి బరువును బట్టి వాళ్ళను వేరు చేసి పెట్టింది ఏరు. గుడ్డిగా, వెర్రిగా కొట్టుకుపోతోందనుకున్న నీళ్ళకు ఇంత పనితనమా అని నడుస్తూ నడుస్తూ నిలబడిపోయాను.

ఆ ఒండ్రు మీద చెనిక్కాయ మొలకలు. సాళ్ళు లేవు, గుంపులు గుంపులుగా, పచ్చగా, రెండేసి ఆకులు విప్పుకుని ఉన్నాయి. చుట్టూ ముళ్ళకంప వేసి ఉంది. కంప పక్కన అత్త కూర్చుని ఉంది. నాయనను చూసి లేచి నిలబడింది.

"ఈ మన్ను నాది" అన్నాడు నాయన.

"నీదే. ఎవరు కాదన్నారు? గొర్రెలు తింటాయని కంపేస్తి. నీ విత్తనం, నువ్వే పీక్కపో."

"పీక్కపోక నీకిస్తానా? శాపం పెట్టి తెప్పించుకుంటివి గదా!"

"శాపమా?" అత్తకు అర్థం కాలేదు. "ఏం శాపం?"

"నాటకాలాడొద్దు. ఆ పొద్దు ఈ గట్టు మీద నిలబడి జుట్టు ఇరబోసుకోని మన్నెత్తి పోస్తివే! నా కండ్లారా సూస్తి. మా అమ్మ సూసింది. ఇదిగో, ఈ బిడ్డ సూసింది."

అత్త నా వైపు చూసింది. నేను తల దించుకున్నాను.  తిడుతుందనుకున్నాను.  తిట్టకుండా వచ్చి నాయన భుజం పట్టుకుని, గడ్డపారతో సహా మా ఊరి వైపుకు తిప్పింది.

"ఈడ నిలబడు. ఇప్పుడు సూడు, మన కయ్య."

చూశాము. పుట్టినప్పటి నుంచి ఆ గట్టు మీద తిరిగాను గానీ దాన్ని ఎదురుగా నిలబడి ఎప్పుడూ అట్లా చూడలేదు. కయ్యలో మిగిలిన సగం నేల పైకి బాగానే కనబడుతోంది. దాని కింద మాత్రం ఏమీ లేదు. అడుగున మన్నంతా నీళ్ళు తోడుకుపోయాయి. గేదె దూరి పడుకునేంత గుహ. పైన జానెడు నేల, దాని నుంచి గాల్లో వేలాడుతున్న వేళ్ళు. పైన నిలబడితే ఎవరికీ తెలియదు. ఈ గట్టు నుంచి చూస్తేనే కనబడుతుంది.

"నువ్వు నిలబడిండేది ఇంగా ముందర" అంది అత్త.  "నీ కాళ్ళ కింద ఏమీ లేదు అన్నా. నేను ఈడ నుంచి సూస్తాండా. అరిస్తి, అరిస్తి, ఇనపడ్లా. కొప్పు ఊడిపోయింది గూడా నాకు తెల్దు. ఇంగేం చేసేది? మన్ను పట్టుకోని ఇట్ల రాల్తాది, ఇట్ల పడిపోతాది, ఎనక్కి పో అని రాల్చి రాల్చి సూపిస్తి."

నాయన భుజం మీద నుంచి గడ్డపార జారి ఒండ్రులో పడింది. ఆయన ఆ గుహను చూస్తూనే ఉన్నాడు. అక్కడే మన్నులో కూర్చున్నాడు.

"నేను నిన్ను తిట్టుకుంటా ఎనక్కి తిరిగితి గదమ్మా" అన్నాడు. ఆయన గొంతు అట్లా చిన్నదైపోవడం నేను అదే వినడం.

"తిట్టుకుంటా తిరిగితివో, ఏమనుకుంటా తిరిగితివో" అంది అత్త కండ్లు తుడుచుకుంటూ. "తిరిగితివి గదా. సాలు."

నాయన చెల్లెలి కాళ్ళ దగ్గరి మన్నులో చేతులు పెట్టుకుని ఎక్కెక్కి ఏడ్చాడు. అత్త నన్ను దగ్గరికి లాక్కుని, వంగి నా పావడా కుచ్చిళ్ళకు అంటిన బురద దులిపింది. ఆ పొద్దు మేము తిరిగి వచ్చేసరికి అవ్వ గట్టు మీద ఎదురు చూస్తూ ఉంది. నాయన మొహం చూసింది. లోపలికి పోయి సంగటి పెట్టించుకుని తిన్నది.

నాయన, అత్త ఇద్దరూ ఇప్పుడు లేరు. ఆ నేలను అత్త వాళ్ళే సాగు చేసుకున్నారు, విత్తనాల వేళకు నాయన ఎడ్లు కట్టుకుని పోయి దున్ని వచ్చేవాడు. ఇచ్చాననీ ఆయన అనలేదు, పుచ్చుకున్నాననీ అత్త అనలేదు. ఇచ్చిందీ మోసిందీ ఏరే కదా, వీళ్ళు ఏమనగలరు? కొన్నేళ్ళకు ఏరు ఇంకొంచెం జరిగింది, దాంట్లో సగం మళ్ళీ తీసుకుపోయింది. ఎవరూ ఎవరినీ తిట్టుకోలేదు.

నాకిప్పుడు నాయన ఆనాటి వయసు ఎప్పుడో దాటిపోయింది. కోపం తగ్గలేదు, ఇంట్లో వాళ్ళను అడిగితే చెబుతారు. అయినా ఎవరైనా దూరం నుంచి నా మీద చేతులెత్తి అరుస్తుంటే, తిట్టడానికి నోరు తెరవబోయి, ముందు నా కాళ్ళ కింద చూసుకుంటాను.